ఖాళీ కాని గదులు

మా ఆయనా నేనూ కల్లూరులో ఇంట్లోనే కూర్చుని చిన్న చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్లం. మంత్రాలయంలో మా మేనమామ లాడ్జిలో గదులు ఇచ్చే ప్రోగ్రామ్ కూడా మాదే. ఆ వేసవిలో మా ఆయన దాన్ని కొత్త కంప్యూటర్ భాషలోకి మార్చాడు. "దీంట్లో గార్బేజ్ కలెక్టర్ ఉండాది. వాడకం తీరినవాటిని అదే ఊడ్చి పారేస్తాది. మనం పట్టించుకునే పనే లేదు" అని తీరిక దొరికినప్పుడల్లా నాకు పాఠం చెప్పేవాడు.

అమర్చి వచ్చిన కొద్ది రోజులకే మామ ఫోన్ చేశాడు. "ఏమప్పా అల్లుడా, దిగినోళ్లు తాళాలిచ్చి పోయినారు. గదులన్నీ బోసిగా ఉండాయి. నీ కంప్యూటర్ మాత్రం అన్నీ నిండినాయంటాండాది!"

స్పీకర్‌లో వింటున్న నాకు వెంటనే అర్థమైంది. పాత భాషలో పని తీరగానే బస చేసినవాళ్ల వివరం ఆ క్షణమే చెరిగిపోయేది, చెరుగుతూ గదిని వదిలిపెట్టేది. కొత్తదాంట్లో చెరిపేది కలెక్టర్. మెమరీ నిండితే గాని అది లేవదు. మామ కొన్న కంప్యూటర్‌లో మెమరీ బోలెడు, అది నిండేదెప్పుడు, గదులు వదిలేదెప్పుడు! ఇదంతా చెప్పకుండా నేను వేరుశనక్కాయలు వొలుచుకుంటూ కూర్చున్నాను. మా ఆయన రోజంతా గింజుకుని, చివరికి కారు తీశాడు. నేనూ ఎక్కాను.

మేం వెళ్లేసరికి మామ ఒక ఉపాయం కనిపెట్టి ఉన్నాడు. జనం ఎగబడినప్పుడల్లా ఏడాది మొత్తం రిపోర్టు ఇచ్చే బటన్ నొక్కుతున్నాడు. అంత పెద్ద రిపోర్టుకు మెమరీ నిండేది, కలెక్టర్ లేచేది, గదులు గబగబా ఖాళీ అయ్యేవి.

"ఇది శానా మొండిదప్పా. పెద్ద పని చెప్తే గాని ఒళ్లు వంచదు" అన్నాడు మామ.

అది వినగానే మా ఆయన మొహం మొదట వాడిపోయింది, తర్వాత వెలిగింది. అక్కడే కూర్చుని, తాళం తిరిగి రాగానే గదిని వదిలిపెట్టమని విడిగా రాశాడు. ఇక కలెక్టర్ లేచినా పడుకున్నా గదులకు సంబంధం లేదు. మామ ఒక తాళం ఇచ్చి, పుచ్చుకుని చూశాడు. గది వెంటనే ఖాళీ.

సాయంత్రం తుంగభద్ర మెట్ల మీద కూర్చున్నప్పుడు మా ఆయన అనుమానంగా అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసె?"

"మామ ఫోన్ చేసినప్పుడే."

"మరి చెప్పలేదేమి?"

"చెప్పింటే ఇంట్లో నుంచే సరిచేసేవాడివి. నాకు స్వామి దర్శనం యాడ దొరికేది?"

"అయితే వీటికి కావలి ఉండు" అంటూ మా ఆయన చెప్పులు విప్పి నా ఒళ్లో పడేసి, నీళ్లలోకి దిగాడు.