దొర గుర్రమూ, నా కొత్త తుండూ

నాకు రాసే పని కొత్త. అయిదో క్లాసుతో చదువు నిలిచింది, అదీ అరవ బడిలో. తెలుగు అచ్చరాలు మా అవ్వ చాటలో బియ్యం పోసి దిద్దించింది. తప్పులు కనపడితే కోపగించుకోవద్దండి.

తెల్లదొరలుండే ఆ దినాల్లో, అరవ దేశంలో మా నాగలాపురం పక్క నల్లరేగడి కరిసల్ నేలలో గుర్రమంటే ఊరి కావలి దేవుడు అయ్యనారు గుడి ముందు నిలబెట్టిన మట్టి గుర్రమే. తాత కాలంలో ఎట్లా నిలబడిందో అట్లానే కళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటుంది. అంత అణకువ మా వంశంలో ఎవరికీ లేదు (నాకు మొదలే లేదు). నాయనతో ఎద్దులు తోలలేక విరుదునగరంలో పత్తి మిల్లులో చేరినాను. మెత్తటి పత్తి కుప్ప కనపడితే చాలు, నేనూ, అక్కడే పని చేసే, నాకన్నా రెండేళ్ళు పెద్దయిన మా మామా కుస్తీ పట్టి దొర్లేది. మేనేజరు దొర రెండు తూర్లు చూసినాడు. రెండు తూర్లూ మామ కుప్ప వెనక దాక్కున్నాడు, నా పేరు పుస్తకంలోకి ఎక్కింది. మూడో తూరి ఎక్కితే పని పోయినట్టే, మళ్ళీ ఎద్దుల వెనకే.

"ఏమని రాసినాడు సామీ?" అని గుమాస్తాని అడిగినాను. 'హార్స్ ప్లే' అని రాసినాడంట. గుర్రప్పిల్లలు ఒకదాన్నొకటి కరిచి, తోసి, తన్ని ఆడుకుంటాయంట. అది చూసే ఇంగ్లీషోళ్ళు మోటు ఆటకి గుర్రం పేరు పెట్టినారంట. దొంగచాటు అల్లరైతే కోతి పేరంట. "చేసేది మనిషి, నింద నోరులేని జీవానికి" అన్నాడు గుమాస్తా.

మామ ఒప్పుకోలేదు. "గుర్రం ఆడేదా? మన ఊరి గుర్రం మీద కాకి రెట్టేసినా కదలదు రా."

"మామా, అది మట్టిది."

"మట్టిదానికే అంత మర్యాద ఉంటే, పాణం ఉండేదానికి ఎంతుండాల?"

తేల్చుకుందామని మధ్యాన్నం దొర గుర్రం దగ్గరికి పోయినాము. అది మామని చూసింది, నన్ను చూసింది, నా భుజం మీద తుండు పళ్ళతో పట్టి లాగింది. అమ్మ కోవిల్‌పట్టి సంతలో కొనిచ్చిన కొత్త తుండు. నేనూ లాగినాను. అది వదిలింది, నేను వెల్లకిలా పడినాను. లేస్తానే మళ్ళీ పట్టింది. మామ నవ్వి నవ్వి గడ్డిలో కూలబడి, "గుమాస్తా చెప్పింది నిజమే రా, ఇది నీకన్నా పోకిరిది" అన్నాడు. తుండుకి ఆ చివర గుర్రం, ఈ చివర నేను ఉండగా దొర వచ్చి నిలబడినాడు.

"ఎవరు మొదలు పెట్టింది?" అన్నాడు అరవంలో.

"గుర్రమే దొరా" అన్నాను. (నిజం అదే కదా.)

దొర మీసం అదిరింది. అయినా పుస్తకం తెరిచి రాసినాడు. గుర్రం పేరు రాయలేదు.

మర్నాడు ఎద్దుల వెనక ఉన్నాను. వాటికీ తుండు చూపించి చూసినాను, అవి ఆడవు. ఇప్పుడు ముసలోణ్ణి. జట్కా గుర్రం పక్కన పోయేటప్పుడు చెయ్యి తనంతట తానే తుండు పట్టుకుంటుంది. ఒక్క తూరి ఏ గుర్రమైనా లాగితే బాగుండునని లోపల ఉంటుంది. ఇందులో తప్పులన్నీ మన్నించండి. అవి మాత్రం గుర్రం మొదలు పెట్టినవి కావు, నావే.