అత్తమ్మ గూట్లో దీపం నెయ్యి

పోయిన నెల తిరుమలగిరిలో నొప్పుల ఆస్పత్రికి వెళ్లి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో రోజూ ఒక చిన్న సభ జరుగుతోంది. ఎడమ తుంటిలో మొదలై పిక్క మీదుగా చిటికెన వేలి దాకా దిగే నా నొప్పికి నాలుగేళ్లుగా మింగని మాత్ర లేదు, పూయని తైలం లేదు. చివరికి అక్కడి ఆయుర్వేద వైద్యురాలు చీటీ మీద 'విజయ' అని రాస్తే, ఎవరో స్కూలు పంతులమ్మ పేరులా ఉందే అనుకుని ఇదేం మందమ్మా అని అడిగాను. గంజాయి ఆకేనండీ, వైద్యంలో దాని పేరు ఇది అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. కొందరికి పనిచేస్తుందని, కొందరికి చేయదని, గట్టి రుజువులు ఇంకా తక్కువేనని, తల తిరిగితే వెంటనే ఆపేయాలని, నేను వేసుకునే బీపీ మాత్రలు చూడకుండా చుక్క కూడా వేసుకోకూడదని కూడా చెప్పింది. నాకు మాత్రం గంజాయి అన్న మాట తర్వాత ఇంకేదీ సరిగా చెవికెక్కలేదు.

ఇంటికొచ్చాక మా అబ్బాయి వద్దే వద్దన్నాడు. ఈ వయసులో మత్తు అలవాటైతే ఎవరు మాన్పిస్తారని వాడి బాధ. కోడలు ఫోనులో ఏవేవో చదివి, చీటీ మీద ఇచ్చే మందుకు భయమెందుకు, అడ్డమైన నొప్పి మాత్రలు మింగి కిడ్నీలు పాడుచేసుకోవడం కన్నా నయం కదా అంది. వియ్యపురాలు ఫోను చేసి, పూజలు చేసుకునే చేతులతో అదెలా ముట్టుకుంటారని ముక్కున వేలేసుకుంది. నొప్పి ఒక్కరిది, అభిప్రాయాలు ఇంటిల్లిపాదివీ. వాళ్లందరూ వాదించుకుంటుంటే నాకు మా అత్తమ్మ, మా మరిది భార్య గుర్తుకొచ్చారు. మరిది భార్యను మా వైపు యారాలు అంటాం. ఆ ఇద్దరినీ తలుచుకుంటే నాలో లేచేది ప్రేమ ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. పచ్చి అసూయ లేస్తుంది, డెబ్బై దాటాక కూడా.

మా అత్తగారిల్లు సీతాఫల్‌మండిలో, రైలు పోతుంటే గూట్లో గిన్నెలు సన్నగా మోగేంత దగ్గరలో ఉండేది. ముందు గదుల్లో మేము, వెనక గదుల్లో మరిదివాళ్లు, మధ్య వసారాలో నవారు మంచం మీద అత్తమ్మ. మా వారు ఆబ్కారీ ఆఫీసులో గుమాస్తా, అంటే కల్లూ సారా గంజాయి పట్టుకునే కచేరీలో ఆ కేసుల కాయితాలు రాసే పని. నేను సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుని, పెద్ద కోడలిని, ఇంగ్లీషు మందుల మీద నమ్మకం ఉన్నదాన్ని. అత్తమ్మకు కూడా ఇప్పుడు నాకున్న నొప్పి లాంటిదే. కూర్చుంటే లేవలేదు, లేస్తే నిలవలేదు. ఎన్ని మందులు వేసినా మంచం ఎక్కిన మనిషి మంచం దిగేది కాదు.

నేను చేయని సేవ లేదు. సగం పూట సెలవు పెట్టి బస్సులో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను, మాత్రలు వేళకు వేశాను, తైలం రాశాను. రాస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని, "చాలు తియ్యమ్మా, ఆఫీసు చేతులు నీయి, టైపు కొట్టినట్టే కొడుతున్నవ్" అనేది. వెక్కిరింపుగా కాదు, విసుగుతో. నన్ను ఎప్పుడూ "ఏమమ్మా" అనే పిలిచేది. ఆ పిలుపులో మర్యాద ఉంది కదా అని నేను సరిపెట్టుకున్నాను, యారాలు కాపురానికొచ్చే దాకా.

యారాలు మెదక్ వైపు పల్లె నుంచి వచ్చింది. వాళ్ల నాన్న ఆకుమందులిచ్చే మనిషి. ఈమె ఏడో తరగతి దాటలేదు, రంగు నాకన్నా తక్కువ, వంటలో ఉప్పు ఎక్కువ. ఇవన్నీ నేను అప్పట్లో రోజూ మనసులో వల్లెవేసుకునేదాన్ని కాబట్టి ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. వచ్చిన పదో రోజునో ఏమో, అత్తమ్మ నడుముకు ఏదో ఆకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టడం షురూ చేసింది. సాయంత్రాలు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నెల తిరిగేసరికి అత్తమ్మ మంచం దిగింది, రెండో నెలలో గేటు దాకా నడిచింది, మూడో నెలలో సంచీ పట్టుకుని కూరగాయల బండి దగ్గర బేరమాడింది. యారాలిని ఆవిడ "బిడ్డా" అని పిలిచింది. ఆ పిలుపు వసారాలో వినబడితే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆవిడ నొప్పి తగ్గినందుకు నేను సంతోషించాలి, సంతోషించాను కూడా, కానీ తగ్గించింది నేను కానందుకు పడ్డ బాధ ఆ సంతోషం కన్నా పెద్దది.

ఒక శుక్రవారం నూనె అయిపోతే, దేవుడి గూట్లో అత్తమ్మ విడిగా పెట్టుకునే ఇత్తడి గిన్నెలోంచి రెండు చెంచాల నెయ్యి తీసి దీపం వెలిగించాను. ఎండుగడ్డి కాలినట్టు ఒక వాసన వచ్చింది, నెయ్యి పాతబడిందేమో అనుకున్నాను. అత్తమ్మ వసారా నుంచి కుంటుకుంటూ పరుగున వచ్చి, "ఎవర్ని అడిగి ముట్టినవ్? అది దేవుని నెయ్యి" అని అందరి ముందూ నా మీద కేకలేసింది. దీపం పెట్టింది దేవుడికే కదా అంటే గిన్నె లాక్కుని గూటి లోపలికి నెట్టింది. ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఓదార్చడానికి వచ్చి వీపు మీద చెయ్యి వేసిన యారాలి చెయ్యి విదిలించాను. ఆమె ముట్టుకుంటే దేవుని నెయ్యి కాదు, నేను ముట్టుకుంటేనే అయిందా అని నా కడుపుమంట.

ఆ మంటలోనే తప్పు చేశాను. మా వారు ఆఫీసులో మిగిలిపోయిన పోస్టర్లు తెచ్చి పిల్లాడి పుస్తకాలకు అట్టలు వేసేవారు. మా వాడి లెక్కల పుస్తకం మీద, గంజాయి పెంచడం నేరం అన్న అక్షరాల కింద, వేళ్లు చాచిన చెయ్యిలాంటి ఆకు బొమ్మ ఉండేది. ఒకనాడు పిల్లాడికి లెక్కలు చెబుతూ ఎందుకో తలెత్తి చూస్తే, వెనక గుమ్మం దగ్గర యారాలి సంచీలోంచి అచ్చం అలాంటి ఆకులే తొంగిచూస్తున్నాయి. అయిదు వేళ్లు, కొసలు సన్నగా. నాకు భయం వేసిందని చెప్పుకున్నాను కానీ, నిజానికి పట్టరాని సంబరం వేసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మా వారు చెప్పులు విప్పకముందే చెప్పాను.

ఆయన ముఖం పాలిపోయింది. ఆబ్కారీ గుమాస్తా ఇంట్లో గంజాయి సంచీ దొరికిందంటే ఉద్యోగం ఉండదు, మా అయిదుగురు పెద్దలూ పిల్లాడూ బతికేది ఎక్కువగా ఆ జీతం మీదే. ఆయన గొంతు తగ్గించి, "నషా అంటే నషానే అమ్మా. గిసుంటోళ్ల మీద కాయితాలు రాసుడే నా నౌకరీ" అన్నారు. అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, "నొప్పి నాది, పంచాయితీ మీదా?" అంది. మరిది నేల చూపులు చూశాడు. యారాలు మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా నిలబడింది, ఆ మౌనం నేరం ఒప్పుకోవడమే అనుకున్నాను. మా వారు సంచీకి తువ్వాలు చుట్టి నాలాలో పారేయడానికి బయలుదేరారు, సాక్షిలాగా నేను వెంట నడిచాను.

గేటు దగ్గర పక్కింటి పెద్దావిడ, వాడంతా ఖాలా అని పిలిచే ఆవిడ, ఎదురైంది. సంచీలోంచి రాలిన రెమ్మ తీసి నలిపి వాసన చూసి, "గిది వాయిలాకు గదా, ఎందుకు పారేస్తున్రు? నా మోకాళ్లకన్నా ఇయ్యుండ్రి" అంది. వావిలాకు. బాలింతల స్నానం నీళ్లలో వేసే ఆకు. పట్నంలో పెరిగిన నాకు దాని ముఖం తెలియదు. కాయితాల మీద తప్ప ఏ ఆకూ ఎరగని మా వారికీ తెలియదు. అప్పటి మా ముఖాలు చూసినవాళ్లు ఖాలా ఒక్కతే కావడం అదృష్టం.

ఇంట్లో అందరి ముందూ నేను యారాలితో తప్పయిందని చెప్పాల్సి వచ్చింది. అత్తమ్మ మంచం మీద కూర్చుని, "పోనియ్యి బిడ్డా, ఆమె తెల్వక అన్నది" అని పెద్దరికంగా క్షమించింది. మా వారు ఆ తర్వాత చాలాకాలం యారాలిని గంజాయి వనంలో తులసి మొక్క అని ఆటపట్టించేవారు. తులసి ఆమె అయితే మిగిలిన వనం నేనే కదా అని నాలో నేను రగిలిపోయేదాన్ని. అత్తమ్మ మరో ఏడేళ్లు బతికింది, నొప్పి పూర్తిగా పోకపోయినా తన కాళ్ల మీద తిరిగింది, చివరి గుక్క నీళ్లు కూడా యారాలి చేతిమీదే తాగింది. నేను అనవసరంగా ఒక మంచి మనిషిని అనుమానించానన్న సిగ్గు మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. ఆమె ముందు తల కొంచెం వంచుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

మొన్న గురువారం, కోడలు చీటీ చూపించి తెచ్చిపెట్టిన ఆ మందు సీసా సంచీలో వేసుకుని, ఆటో ఎక్కి తిరుమలగిరిలోనే కొడుకు దగ్గరుంటున్న యారాలి ఇంటికి వెళ్లాను. మా వారు పోయి ఆరేళ్లు, మరిది అంతకు ముందే పోయాడు. ఆ కాలంవాళ్లం ఇక మేమిద్దరమే. ఆమె సీసా తిప్పి చూసి, వాసన చూసి, నవ్వడం మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, గిప్పుడు చెప్పొచ్చు గదా. ఆ దేవుని గూట్ల నెయ్యి గిదే" అంది.

ముక్కముక్కగా అడిగి తెలుసుకున్నాను. వావిలాకు వావిలాకే, కాపడం కాపడమే. కానీ వాళ్ల నాన్న గంజాయి ఆకు వేసి కాచిచ్చిన నెయ్యి వేరే ఉంది. దీపం నెయ్యిని ఎవరూ రుచి చూడరు కనుక అత్తమ్మే దాన్ని దేవుడి గూట్లో పెట్టించింది. రోజూ దీపాల వేళ శనగగింజంత నాలుక మీద వేసుకునేది. నేను శుక్రవారం వెలిగించింది అదే. పెద్దకొడుకుకు తెలిస్తే కచేరీలో చెప్పక తప్పదు, చెబితే అమ్మ మీద కేసు, చెప్పకపోతే నౌకరీకి ఎసరు, అందుకని మా ఇద్దరికీ తెలియనే కూడదని అత్తమ్మ ఈమెతో చేతిలో చెయ్యి వేయించుకుంది. సంచీ పట్టుబడిన రోజు కూడా, నోరు తెరిస్తే మాట గూటి దాకా పోతుందని వాళ్లిద్దరూ అది వావిలాకని చెప్పలేదట. యారాలు ఏడేళ్లు ఆ ఒట్టు నిలబెట్టుకుంది, ఆవిడ పోయాక కూడా మా వారు ఉన్నంతకాలం నిలబెట్టుకుంది.

అంటే నేను అన్నది నిజమే. ఇంట్లో గంజాయి ఉంది. వాసన తగిలినా పోల్చుకోలేక, వేరే ఆకును చూపించినా, నిజమే చెప్పిన నేను క్షమాపణ అడిగాను, వాళ్లిద్దరూ క్షమించారు. కోపం రావాలి, వచ్చింది కూడా, కాని ఆమె తర్వాత చెప్పిన మాటలతో నిలవలేదు. ఒకసారి మోతాదు ఎక్కువై అత్తమ్మ పొద్దంతా పొంతన లేని మాటలు మాట్లాడిందట, నేను ఆఫీసులో ఉన్నాను. ఈమె ఎవరినీ పిలవలేక, తలుపు గడియ పెట్టి, ఆ ముసలామె చెయ్యి పట్టుకుని వణుకుతూ కూర్చుందట. "మస్తు పరేషానయిన. అప్పట్ల ధైర్యం చేసిన గని, ఇంకొకల్లకు చెయ్యమని సుత చెప్పనక్కా. నెయ్యితోటి తగ్గిందో, కాపడంతోటి తగ్గిందో నాకిప్పటికీ ఎర్కలేదు. నువ్వు డాక్టరు చెప్పినట్టే వాడు" అంది. నాకు మాత్రం ఆ మూసిన తలుపు వెనక వాళ్లిద్దరే ఉన్నారన్నది కంటకమైంది.

సీతాఫల్‌మండి ఇల్లు పోయి అపార్టుమెంటు లేచింది. ఆకుకు మర్యాదైన పేరొచ్చింది, సీసా వచ్చింది, సీసా మీద తయారుచేసిన తేదీతో సహా చీటీ వచ్చింది. అబ్బాయి సణుగుతూనే ఒప్పుకున్నాడు. కోడలు సాయంత్రం చుక్కలు లెక్కపెట్టి నాలుక కింద వేసి, తల తిరుగుతోందా అత్తయ్యా అని అడిగి, తన పనిలోకి వెళ్తుంది. బంగారం లాంటి పిల్ల, వంక పెట్టడానికి లేదు. నొప్పి కూడా రూపాయికి నాలుగణాలు తగ్గినట్టే ఉంది, రేపెలా ఉంటుందో తెలియదు. ఇన్నేళ్లూ నా కుళ్లు యారాలి మీదే అనుకున్నాను. కాదు, అత్తమ్మ మీద. ఆవిడ నొప్పి కోసం ఒక మనిషి దొంగచాటు పనికి ఒడిగట్టింది, అబద్ధమాడింది, తలుపేసుకుని వణికింది. నా నొప్పికి అవేవీ అక్కర్లేదు, చీటీ చూపిస్తే దుకాణంలో ఇస్తారు. కాలం మంచిదయిందని అందరూ అంటున్నారు, నేనూ అంటున్నాను. కాని నా కోసం భయపడిన మనిషి ఒక్కరున్నా, ఇంకో నాలుగేళ్లు ఈ నొప్పి భరించేదాన్ని.