అన్ని కార్డుల్లో ఒకటే మాట

మొన్న నేనేం చేశానో చెబితే మీరు టీ తాగడం ఆపేస్తారు. నిక్షేపంగా ఉన్న ఒక పెద్దమనిషిని చంపేశాను. అదీ పెండ్లి కార్డులో! అప్పటినుంచి షాపు ముందు ఆటో ఆగితే చాలు, చేతిలో ఉన్న కార్డు మళ్ళీ మొదటినుంచి చదువుకుంటున్నాను.

కోస్గిలో మా డీటీపీ షాపు సంగతి మీకు తెలుసు కదా. మామూలు రోజుల్లో జిరాక్సులు, సీజన్‌లో పెండ్లి కార్డులు. ఇక్కడ ఒక పెండ్లికి ఒకటే కార్డు అంటే కుదరదు. పిల్ల తండ్రికి ఒక రకం, చిన్నాయనకు ఒక రకం, మేనమామకు ఇంకో రకం. ఎవరి చుట్టాలను వాళ్ళు పిలుచుకుంటారు కాబట్టి, కింద 'ఆహ్వానించువారు' దగ్గర ఎవరి కార్డులో వాళ్ళ పేరే ముందుండాలి. లేకపోతే పెండ్లిలో అలకలు. మధ్యలో ముక్క మాత్రం అందరికీ ఒకటే. పిల్ల ఎవరి మనుమరాలు, పిల్లగాడు ఎవరి మనుమడు, ముహూర్తం, ఫంక్షన్ హాలు, విందు.

పోయిన సీజన్‌లో ఆ ముక్కను ఒక్కో ఫైల్లో విడివిడిగా దిద్దుతూ, ఒక కార్డులో బుధవారం, ఇంకోదాంట్లో గురువారం కొట్టాను. మేనమామ తరఫు వాళ్ళు బట్టలు, బిందెలతో సహా మర్నాడు వచ్చి ఖాళీ హాలు చూసి పోయారు. ఆ తిట్లు తిన్నాక యూట్యూబ్ చూసి ఒక తెలివి నేర్చుకున్నాను. వర్డ్‌లో ఆ మధ్య ముక్కను వేరే ఫైల్‌గా పెట్టి, కార్డులన్నింటినీ దానికి లింక్ చేయడం. అక్కడ ఒక్కసారి మారిస్తే చాలు. కార్డు తెరవగానే అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది, ఎస్ కొడితే మారిపోతుంది. ఎంత గర్వమో నాకు! మా ఆయనకు రోజూ దీని మీదే క్లాసు.

వెంకటయ్యన్న బిడ్డ పెండ్లి కార్డులు అలాగే చేశాను. ప్రింటుకు ముందు ఆయన ఫోన్ చేసి, పిల్లగాని తాత పోయినేడు చనిపోయాడు, ఆయన పేరు ముందు కీ.శే. పెట్టడం మరిచావు అని చెప్పాడు. సరిగ్గా అప్పుడే కౌంటరు ముందు జిరాక్సుల జనం. ఒక చేతిలో వాళ్ళ కాగితాలు, ఇంకో చేతిలో మౌసు. మధ్య ముక్క ఫైలు తెరిచి, తాత పేరు ముందు 'శ్రీ' తీసి 'కీ.శే.' కొట్టి సేవ్ చేశాను. కార్డులన్నీ తెరిచి ఎస్, ఎస్, ఎస్. తర్వాత అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. తేడా లేదంటే తప్పు లేనట్టే కదా! ప్రింటు కొట్టేశాం.

మర్నాడు వెంకటయ్యన్న వాళ్ళ బాపును, అంటే పిల్ల తాతను, వెంటబెట్టుకుని వచ్చాడు. మల్లయ్య తాత. జీవితమంతా గొర్లు కాసిన మనిషి, ఇప్పటికీ భుజాన గొంగడి లేకుండా బయటికి రాడు. మొదటి కార్డును బీరప్ప గుడిలో పెట్టాలి, దాన్ని తన చేత్తోనే తీసుకోవాలి అని పట్టుబట్టి వచ్చాడట. వెంకటయ్యన్న ఆటో మాట్లాడటానికి బయటికి పోయాడు. తాత స్టూలు మీద కూర్చుని కార్డు నా చేతికిచ్చాడు.

"కండ్లు మంచిగ కానొస్తలేవు బిడ్డా. నువ్వే సదివి ఇనిపియ్యి."

హుషారుగా మొదలుపెట్టాను. రెండు లైన్లు పోయేసరికి ఆగిపోయాను. 'కీ.శే. మల్లయ్య గారి మనుమరాలు' అని ఉంది. నిజంగా పోయిన పిల్లగాని తాత కింది లైన్లో 'శ్రీ' పెట్టుకుని దర్జాగా ఉన్నాడు. నేను చంపిన తాత నా ఎదురుగా కూర్చుని వింటున్నాడు.

"శ్రీ మల్లయ్య గారి" అని చదివేశాను. తాత మొహం వెలిగిపోయింది. తన పెండ్లికి కార్డు లేదట, కొడుకు పెండ్లికీ లేదట, తన పేరు అచ్చులో రావడం ఇదే మొదలట. ఎక్కడుందో వేలు పెట్టి చూపమన్నాడు. బొటనవేలితో 'కీ.శే.' మూసి, చూపుడువేలితో పేరు చూపించాను. ఆయన పేరును తడిమి, కార్డును కండ్లకద్దుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత పసుపు పొట్లం విప్పి మూలలకు పూయడం మొదలుపెట్టాడు. ఏడుపు పోయి భయమొచ్చింది. ఈ కార్డు దేవుడి ముందుకు పోయాక ఈయనకు జర జలుబు చేసినా ఊరంతా నన్నే అంటుంది!

ఇంతలో వెంకటయ్యన్న లోపలికొచ్చాడు. ఇంకు ఆరలేదు, సాయంత్రం తీసుకుపొమ్మంటూ కట్టలన్నీ ఒళ్ళోకి లాక్కున్నాను. ఆయన అప్పటికే ఒకటి తీసి చదువుతున్నాడు. మొహం పాలిపోయింది. నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"చెల్లె, బాపుకు తెలిస్తే లగ్గమే ఆపుతడు."

తాతకు కండ్లే కానరావు, చెవులు బాగానే పనిచేస్తాయి. ఏందది అన్నాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆయన ముందు కింద కూర్చుని, నిన్ను పోయినోళ్ళలో కలిపి రాశాను తాతా అని చెప్పేశాను. వెంకటయ్యన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒక్కదాంట్లనేనా?" అని అడిగాడు తాత.

"అన్నిట్ల, తాతా."

"అయితే సుట్టాలందరి ఇండ్లల్ల ఒక్కపారే సస్తుంటి."

తిట్టలేదు. పెండ్లి ఆపుతానని కూడా అనలేదు. పాత కార్డులన్నీ గొంగడిలో మూట కట్టించుకుని, మూట మీద చెయ్యేసుకుని, కొత్తవి కొట్టేదాకా కదలనన్నాడు. తిడితే బాగుండేది. ఆయన అలా నా వైపే తిరిగి కూర్చుంటే ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు చూసి కొట్టాను. ఇద్దరు తాతలనూ ఎవరి చోట వాళ్ళను పెట్టి, మళ్ళీ ఎస్, ఎస్, ఎస్ కొట్టి, ప్రింటు తీసేసరికి పొద్దు వాలింది.

తాత ఒక కార్డు చదివించుకున్నాడు. మంచిగుంది అన్నాడు. బతికిపోయాను అనుకుంటుండగానే చిన్నాయన కార్డు నా ముందు పెట్టాడు. దాని కింద మేనమామది పట్టుకుని ఉన్నాడు.

"అన్నిట్ల ఒకటే ఉంటది తాతా," అన్నాను.

"గందుకే బిడ్డా, నాకు భయం. మొదటిపారి గూడ అన్నిట్ల ఒకటే ఉండె గద."

ఇక రెండో కార్డు చేతిలోకి తీసుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టాను.