రైలు రద్దయిన చోట కృతజ్ఞత కూడిక

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఆ ఉదయం నా పక్కన కూర్చున్న పెద్దావిడ, మనవరాలి బాప్తిస్మానికి విజయనగరం బయలుదేరారు. ఇంతలో వరదకు పట్టాలు దెబ్బతిన్నాయనీ, మా రైలు రద్దయిందనీ మైకులో ప్రకటించారు. సాయంత్రం బాప్తిస్మం ఇక ఆమె లేకుండానే జరుగుతుంది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

కాలేజీ వాదప్రతివాద పోటీలలో ప్రశ్నించడం నేర్చిన నేను ఊరుకోలేకపోయాను. “ప్రార్థన చేసుకునే బయలుదేరి ఉంటారు కదమ్మా. మరి దేవుడు వినలేదా?” అన్నాను.

“ఇన్నాడు బాబూ, ఒప్పుకోనేదు. మా ఆయన ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పని సేసినారు. అడిగినప్పుడల్లా పైవోళ్ళు సెలవిచ్చినారేటి? అలాగని ఆయన ఉద్యోగం మానీసినారా?”

ఆ పోలికలో లోపాలు నాకు తెలుస్తూనే ఉన్నాయి. అవి ఎత్తిచూపేలోగా ఆమె, బాప్తిస్మం తరువాత జరిగే కృతజ్ఞత కూడికలో పంచడానికి స్వయంగా వండి తెచ్చిన గులాబీ పువ్వుల పిండివంట డబ్బా తెరిచారు.

“రండి దీదీ, రండి దాదా! మా పిల్లకి ఈ రోజు బాప్తిస్మం. కూడిక ఇక్కడే సేసుకుందాం.”

అదే మాట బెంగాలీలోనూ చెప్పి పిలిచారు. పదిమంది అపరిచితులు చుట్టూ చేరారు. ఆమె తెలుగులో ప్రార్థించారు. భాష తెలియని బెంగాలీలు సైతం తలలు వంచారు. ప్రార్థన ముగించి ఆమె కళ్ళు తెరిచేసరికి ముఖం పెళ్ళింటి గడపలా వెలుగుతోంది. ఆమె ఒక పువ్వు తీసి నా చేతిలో పెట్టారు.

“నమ్మకపోతే ఆమేన్ అనకు బాబూ, అబద్ధం ఒద్దు. పువ్వు మాత్రం తిను.”

నేను ఆమేన్ అనలేదు, పువ్వు తిన్నాను. ఆమె సంతోషంలో నాకు దక్కిన ఆ వాటాకు ఎదురువాదన ఈనాటికీ వెతకలేదు.