పాస్టరమ్మ గారి కంప్యూటర్ గది

పాస్టరమ్మ గారు ప్రభువునందు నిద్రించారన్న కబురు నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. వినుకొండ దగ్గర మా ఊరి మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే ఫోను మోగింది. చర్చి గ్రూపులో మెసేజి. మెసేజి తెరిచి చూడడం నాకు నేర్పింది ఆవిడే. ఆ కంగారులో మిరప చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. తోటి ఆడవాళ్లు నీళ్లు తెచ్చి మొహాన కొట్టారు. నా కన్నీళ్లు మంటకే అనుకున్నారు, నేనూ మంటకేనన్నాను.

మేమలా చేతులు మరిచిపోతామనే ఆవిడ గది గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక బేసిన్‌లో మజ్జిగ, పక్కన కొబ్బరినూనె సీసా పెట్టేవారు. చర్చి వెనకాల గది అది. పాత కంప్యూటర్లు, కొన్ని ట్యాబులు. పొద్దుగూకాక పని నుంచి వచ్చే మేము నూనె రాసుకుని, మజ్జిగతో చేతులు కడుక్కుంటేగానీ లోపలికి రానిచ్చేవారు కాదు. "ముందు చేతులమ్మా, తర్వాతే మౌసు" అనేవారు. పింఛను పడిందో లేదో చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల స్కాలర్‌షిప్‌కి అప్లై చేయడం అన్నీ అక్కడే నేర్చుకున్నాం.

ఆ గదికి డబ్బు కోతల పండుగ నుంచి వచ్చేది. పండుగనాడు సంఘస్తులు తెచ్చిన మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు చర్చి ముందు వేలం వేస్తారు కదా, ఆ సొమ్ము గదికివ్వమని ఏటా ఆవిడే లేచి అడిగేవారు. "ఆడోళ్లకి కంప్యూటర్లెందుకండీ, ప్రహరీ గోడ కట్టుకుందాం" అని సంఘ పెద్ద గొణిగేవారు. ఆవిడ గొడవ పడేవారు కాదు. తాను తెచ్చిన కోడిని తానే పాడి, పాట పెంచి, "ఇది గదికి!" అని గట్టిగా అనేవారు. సొంత కోడిని కొనుక్కునే మనిషిని చూసి జనం పడీ పడీ నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు జేబులో చెయ్యి పెట్టక తప్పేది కాదు.

ఆవిడకి భయమే లేదనుకునేదాన్ని. ఒకసారి గదిలో ఉండగా నాకో ఫోను వచ్చింది. మా అత్త పింఛను ఆగిపోతుందట, ఫోనుకొచ్చిన నంబరు వెంటనే చెప్పాలట. అత్త మందులన్నీ ఆ పింఛను మీదే. చెప్పబోయాను. ఆవిడ ఫోను లాక్కుని, కట్ చేసి, బల్ల మీద బోర్లా పెట్టేశారు.

"నిజంగానే ఆగిపోతేనండీ?"

"ఆగదు. ఆ నంబరు ఎవరికీ చెప్పకు. భయమేసినప్పుడు ఫోను బోర్లా పెట్టు."

"నాకు చాలా భయంగా ఉందండి."

"నాకు లేదనుకున్నావా?" అని చెయ్యి చాపారు. వేళ్లు వణుకుతున్నాయి. "భయం కాపలా కుక్కే అమ్మాయ్. గుమ్మంలో ఉండనియ్యి. మంచం ఎక్కనియ్యకు."

ఆవిడ పోయాక నా కుక్క మంచం ఎక్కింది. ఆవిడని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడికలోనే సంఘ పెద్ద లేచి, నేర్పేవాళ్లు లేరు కాబట్టి గదికి తాళం వేస్తున్నామన్నారు. ఈసారి వేలం సొమ్ము గోడకేనన్నారు. ఆడవాళ్లంతా నావైపు చూశారు. ఆవిడ పక్కన కూర్చుని కొత్తవాళ్లకి నేర్పింది నేనే మరి. కానీ నేను కూలికి పోయేది ఆ పెద్దాయన కల్లానికే. ఆయనకి కోపమొస్తే రేపు పనిలోకి పిలవరు. తల వంచుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు.

పోయిన ఆదివారం కోతల పండుగ. ఆవిడ పెంచిన ఎర్ర కోడిపెట్టను పాస్టరు గారు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరూ పాట మొదలెట్టలేదు. నేను లేచాను.

"కోడి నేను పాడతానండి. ఇది గదికి."

సంఘ పెద్ద నావంక చూశారు. "ఏ గదికి? తాళం వేశాంగా."

"తాళం తియ్యండి. నేను నేర్పుతా."

వెనక నుంచి ఒకామె, "నా గుమ్మడికాయ కూడా గదికేనండి" అంది. ఇంకొకామె తన మిరపకాయల మూట మీద చెయ్యేసి అదే మాట అంది. పెద్దాయన ఆ మూట వంకా, ఆడవాళ్ల వంకా చూసి, జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

కూలికి పిలుస్తారో లేదో ఇంకా తెలియదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, కోడిని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను. దారి పొడవునా నా డొక్కకి ఆనుకుని ఓ గుండె దడదడా కొట్టుకుంటూనే ఉంది. కోడిదో, నాదో.