సెట్లో పరిగె

సినిమాల్లో నేను రాసిన వాటికి పంట కన్నా కోతే ఎక్కువ. అందుకే ఫిల్మ్‌నగర్‌లో ఒక క్రైస్తవ సీరియల్‌కు మాటలు రాయమంటే ఎగిరి గంతేశాను. పాస్టరు కొడుకుని కావడమే నా అర్హత. టైటిల్స్‌లో మొదటిసారి నా పేరు వేస్తామన్నారు.

బైబిల్ వాక్యంలో పంట కనబడిన చోటల్లా నాన్న గొంతు మారేది. నేలలో పడి చచ్చిన గింజే ఫలిస్తుందని, గురుగుల కలుపుని కోత దాకా పెరగనివ్వాలని చెప్పేవారు. అన్నిటికన్నా ఆయనకిష్టం పరిగె. కోశాక నేల మీద మిగిలిన వెన్నులు యజమానివి కావు, బీదలవి, పరదేశులవి. నేను రాయాల్సిందీ అదే. భర్త పోయిన పరాయి దేశపు కోడలు పరిగె ఏరుకుంటుంటే, పొలం యజమాని తన పనివాళ్లతో ఆమెను ఏమీ అనకండి, కావాలనే కొన్ని వెన్నులు జారవిడవండి అంటాడు. ఆ మాటలు రాస్తూ కళ్లు తుడుచుకున్నాను. నా రాతకు ఏడ్చే ప్రేక్షకుణ్ణి ఎప్పుడూ నేనే.

కథలోని యవలు దొరక్క ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సెట్లో గోధుమ పనలు పరిచారు. హీరోయిన్ వెనక పరిగె ఏరే వేషానికి ఎర్రగడ్డ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వంగి, ఏరి, ఒడి నింపుకునేది. "వన్ మోర్" అనగానే ఒడిలోవి తీసి మళ్లీ నేల మీద చల్లేవారు. యజమాని వేషం వేసినాయనకు ప్రతి టేక్‌కూ పక్కనుంచి మాట అందించింది నేనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే వరస.

ప్యాకప్ చెప్పాక కూడా ఆవిడ ఒడి దులపలేదు.

"సారూ, గీ జరన్ని గింజలు తీస్కపోత. మనుమరాలికి జావ కాస్త."

ప్రొడక్షన్ మేనేజర్ చిరాకుపడ్డాడు. "ఇదేమైనా నీ పొలమా అమ్మా? రేపు ఇదే సీన్ కంటిన్యూటీ ఉంది, పోసెయ్." నా వైపు తిరిగి నవ్వాడు. "ఏం రైటర్ గారూ, పట్టుకెళ్లమని మీ బైబిల్లో గానీ ఉందా?"

ఉంది. పలక పట్టకముందే నాన్న నేర్పారు. కానీ టైటిల్స్ జాబితా రాసేది ఆ మేనేజరే.

"అది కథలోనండీ," అన్నాను. నవ్వాను కూడా.

ఆవిడ నన్నే చూసింది. "పొద్దటి సంది నువ్వే గద సారూ, ఆమెనేమనకుండ్రి, ఏరుకోనియ్యుండ్రి అని సదువుతున్నవ్. నిజమే అనుకున్న." ఒడి దులిపి వెళ్లిపోయింది.

మర్నాడు ఆ వేషంలో ఇంకొకావిడ ఉంది.

"నిన్నటావిడ రాలేదా?" అని మేనేజర్‌ని అడిగాను.

"నోరెక్కువండీ, నేనే వద్దన్నాను. వంగిన వీపే కదా కనబడేది, ఎవరైతే ఏంటి?"

ఇంతలో డైరెక్టర్ పిలిచాడు. యజమాని దయ ఇంకాస్త తెలిసేలా మరో మాట పడితే బాగుంటుందన్నాడు.

అక్కడే నిలబడి రాసిచ్చాను. నిన్నటి దానికన్నా బాగా వచ్చింది.