నాలుగో పుస్తకం తెరవని బాబాయి గారు

రికార్డుల బాబాయి గారు పోయారన్న కబురు పొద్దున్నే మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. జగ్గయ్యపేటలో మా ఎదురింటాయన. చుట్టరికం ఏమీ లేదు, పాతికేళ్ళుగా ఎదురెదురు గుమ్మాలు కాబట్టి బాబాయి. నందిగామ వైపు ఒక రిజిస్ట్రారాఫీసులో రికార్డు గది చూసుకుని రిటైరయ్యారు. కబురు చదివి నేను వెంటనే ఏడవలేదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, నాకు ముందు వచ్చిన ఆలోచన "ఇక మేనత్త దొరకదన్నమాట" అని.

ఆ మేనత్త సంగతి చెప్పాలి. మా నాన్నకు ఆరేళ్ళప్పుడు, పాలు తాగే చెల్లెల్ని పిల్లల్లేని దంపతులకు దత్తత ఇచ్చేశారు. తువ్వాలులో చుట్టిన పిల్ల, గుమ్మం ముందు ఆగిన బండి, ఇంతే ఆయనకు గుర్తు. "చెల్లేది?" అని అడిగితే తాతయ్య వీపు మీద ఒక్కటిచ్చాడట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేను బళ్ళో సోషల్ చెబుతాను. ఒక వేసవి సెలవుల్లో సరదాకి మా వంశవృక్షం చార్టు మీద గీస్తే, నాన్న పక్కన ఒక గడి ఖాళీగా మిగిలింది. డెబ్బై దాటిన మనిషి రోజూ దాని ముందు కుర్చీ వేసుక్కూర్చుని "దీని సంగతేం చేశావే?" అనేవాడు.

దత్తత పత్రం రిజిస్టరు చేయించారని నాన్నకు తెలుసు. రికార్డుల మనిషి ఎదురింట్లోనే ఉన్నాడు, నాకింకేం కావాలి? చార్టు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాను.

"అమ్మాయ్, మీ పొలం ఎవరెవరి చేతులు మారిందో కావాలా? అది మా ఆఫీసు రిజిస్టర్లలో ఒకటో పుస్తకం. ఎవరైనా చూడొచ్చు. ఇట్టాంటి దత్తతలు నాలుగో పుస్తకంలోకెళ్తాయి. అందులో పేరున్నవాళ్ళకీ, వాళ్ళ తరఫు వాళ్ళకీ తప్ప నకలివ్వరు" అన్నారు.

"మా తాతయ్య సంతకం ఉందిగా బాబాయి గారూ! ఆయన తరఫు వాళ్ళం మేమేగా?"

"గట్టి పాయింటే. వాదించొచ్చు." కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "కానీ ఆ కాగితానికి అవతల ఇంకో మనిషి ఉంది. ఆ మనిషినడిగావా?"

"ఎవరో తెలిస్తేగా అడిగేది!"

"నేలకి సిగ్గుండదమ్మాయ్. మనిషికుంటుంది" అని, టీ తాగి వెళ్ళమన్నారు.

ఆయన తీరే అంత. పక్కింటబ్బాయికి సంబంధం కుదిరిందా అని అడిగితే "వాళ్ళిల్లు తెలుసుగా, వెళ్ళి అడుగు" అనేవారు. పిన్ని గారు ఇంట్లో ఉన్నారా అన్నా "పిలిచి చూడు" అనేవారు. పెళ్ళి శుభలేఖ ఇస్తే నిలబడి, ఆఖరున అచ్చేసిన ప్రెస్సు పేరుదాకా చదివి, మడతలు చెడకుండా మళ్ళీ కవర్లో పెట్టేవారు. మా వీధిలో ఎవరి కష్టమైనా ఆయన చెవిన వేసేవాళ్ళు. అది గుమ్మం దాటి బయటికొచ్చిందని ఎప్పుడూ వినలేదు.

నేను ఊరుకునే రకం కాదు. సమాచార హక్కు కింద పెడతానని బెదిరించాను. ఆయన నవ్వి, తెల్లకాగితం తెప్పించి, దరఖాస్తు తానే దగ్గరుండి రాయించారు. నా చిత్తుప్రతిలో మూడు తప్పులు దిద్దారు కూడా. వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది. "చెప్పానా" అని మాత్రం ఆయన అనలేదు.

చివరికి ముఖం మీదే అడిగాను. "ఆవిడెవరో మీకు తెలుసు కదూ?"

"తెలుసనీ అనను, తెలీదనీ అనను."

ఆ తర్వాత రెండుసార్లు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కడం చూశాను. ఎక్కడికని అడిగితే చెప్పే మనిషా! ఒకసారి బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని "కాస్త ఓపిక పట్టండి" అన్నారు. నాన్న ఎంతో ఓపిక పట్టాడు. పోయినేడు, ఆ గడి అలా ఉండగానే వెళ్ళిపోయాడు.

కర్మలయ్యాక ఎదురింటికెళ్ళి నోటికొచ్చినట్టు అన్నాను. "మీ పుస్తకాలు మీరే తలకింద పెట్టుకుని పడుకోండి" అన్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నారు. ఆ రోజునుంచి ఆయన పోయేదాకా ఆ గుమ్మం తొక్కలేదు నేను.

పెద్దకర్మ రోజున షామియానా కింద నా పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. బాబాయి గారి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ కబురు వెళ్ళిందట, అలా వచ్చింది. (ఆవిడ రాయమన్నంతే రాస్తున్నాను. ఊరు చెప్పను, ఆనవాళ్ళు కొన్ని మార్చాను.)

"చార్టు గీసే టీచరు నువ్వేనామ్మా?" అంది మెల్లగా.

నేను కుర్చీ ఆవిడ వైపు జరుపుకున్నాను.

"నా దత్తత కాగితం నకలు కోసం ఆఫీసుకెళ్ళినప్పుడు సీట్లో ఆయనే ఉన్నారు. మా పిల్లలకి తెలియనీకండని దణ్ణం పెట్టి చెప్పా. పెంచినమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ బాధపడుద్దని చెప్పలేదు. ఆ తర్వాత చెబుదామంటే నోరు రాలేదు. ఇన్నేళ్ళకి మీ బాబాయి గారొచ్చి, అన్నయ్య అడుగుతున్నాడు, ఏం చెప్పమంటారన్నారు. వద్దన్నా. రెండోసారొస్తే మళ్ళీ వద్దన్నా. ఈసారొస్తే సరేనందామనుకున్నా." పమిట కొంగు సర్దుకుంది. "మూడోసారి, అన్నయ్య పోయాడని చెప్పడానికొచ్చారు."

నేను ఫోనులో నాన్న ఫొటో తీసి చూపించాను. ఆవిడ ముట్టుకోగానే తెర మీద బొమ్మ పక్కకు జరిగిపోయింది. మళ్ళీ తెచ్చాను. మళ్ళీ జరిగింది. నాలుగోసారికి నేనే కదలకుండా పట్టుకున్నాను. ఆవిడ చెవులు అచ్చం నాన్న చెవులే.

ఇంతలో ఆవిడ కొడుకు కారు దగ్గర్నుంచి వచ్చాడు. నాకంటే ఒకట్రెండేళ్ళు పెద్దవాడేమో. "వెళ్దామా అమ్మా? ఈవిడెవరు?" అన్నాడు.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఎన్నేళ్ళుగానో వెతికిన జవాబు నా నాలుక చివరే ఉంది.

"ఎదురింటివాళ్ళమండి. అమ్మగారు ఇప్పుడే పరిచయమయ్యారు" అన్నాను.

అతను నవ్వి నమస్కారం పెట్టాడు. నాన్న నవ్వే. మేనత్త కొడుకంటే బావ. వెక్కిరించి, పేర్లు పెట్టి, ఏడిపించుకునే వరస. కారు తలుపు నేనే వేసి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను.